స్పందనక్క కూర్చున్న జాగా

1. శ్రావణం

బండ్లు ఆపుకోవడానికి తమ వీధిని తమకే కేటాయించమని అడిగేవాళ్లు, అక్కడి ఇబ్బందులను ఆ వీధి మనిషి చేతే రాయించి చూపాలని మున్సిపాలిటీ వాళ్లు షరతు పెట్టారు. మా ఆరో వీధి తరఫున ఆ పని నాకు పడింది. అందరికంటే ముందు గేటు తీసేది నేనేనట, బండ్లను అందరికంటే గట్టిగా తిట్టేదీ నేనేనట. వీధి సంఘం అధ్యక్షుడు కౌశిక్ సార్ నవ్వుతూ చెప్పిన కారణాలవి.

నా పేరు జాహ్నవి. నేనూ మా ఆయన లిఖిత్ పెళ్లిళ్లకు వంటలు చేస్తాం. అందుకే తారీకులు వేయకుండా మాసాలు వేస్తున్నాను. మాది ముహూర్తాల లెక్క. మాకొక పాత వ్యాన్ ఉంది. స్టీరింగ్ పట్టుకుని మనిషి తోలాల్సిన బండి. ఊళ్లో ఇప్పుడిలాంటివి అరుదు. డ్రైవర్ లేని బండ్లలో వేడి గుండిగలు పెట్టనివ్వరు. కాస్త సాంబారు ఒలికితే చాలు, బండి నడిరోడ్డు మీద ఆగిపోయి కంపెనీకి ఫిర్యాదు పంపుకుంటుంది.

వీధి చివర గొట్టం రైలు స్టేషన్ తెరిచాక మాకు ఈ కష్టం మొదలైంది. గొట్టంలో కూర్చుంటే టీ చల్లారేలోపు రాజధానిలో దిగొచ్చు. అందుకని స్టేషన్ చుట్టూ టవర్లు లేచాయి. స్టేషన్ పక్కన ఉండేవాళ్లకు కార్లతో పనేముందని, ఆ టవర్లకు పార్కింగ్ కట్టనక్కర్లేదన్నారు. తీరా చూస్తే ఫ్లాటుకొక కారుంది. పొద్దున కారు మనిషిని నాలుగడుగుల దూరంలోని స్టేషన్ దగ్గర దించి, సాయంత్రం దాకా ఉండే జాగాను తానే వెతుక్కుంటుంది. దొరకని కార్లు ఒకదాని వెనక ఒకటి మా వీధిలో చీమల్లా తిరుగుతూ ఉంటాయి. లోపల మనుషులుండరు. హారన్ కొట్టవు. ఎక్కడ ఖాళీ అయినా ఆ కబురు వాటికి వాటికే తెలిసిపోతుంది.

ఈ రోజు కూరగాయలకు వెళ్లి వచ్చేసరికి మా గేటు ముందు జాగా పోయింది. వ్యాన్‌ను ఎక్కడో తొమ్మిదో వీధిలో ఆపి, గుండిగలను ఇంటి నుంచి అక్కడిదాకా ఒక్కొక్కటిగా ఇద్దరం మోసుకెళ్లాం. అన్నప్రాశన వాళ్ల ఇంటికి చేరేసరికి అతిథులకు అరటిపళ్లు పంచి కూర్చోబెట్టారు. ఇంటాయన నా మొహం చూడకుండా, గిన్నెలు దించమని చేత్తో సైగ చేశాడు.

2. భాద్రపదం

ముహూర్తాలు లేని నెల. జాగా కాపాడుకునే ఉపాయాలతోనే సరిపోయింది. బండరాయి పెట్టాం. నీళ్ల బకెట్ పెట్టాం. లిఖిత్ మా తులసి కుండీ కూడా తెచ్చి పెట్టాడు. కార్లు వాటిని చూసి వెళ్లిపోయేవి కానీ ఊరుకునేవి కావు, మున్సిపాలిటీకి కబురు పెట్టేవి. కాసేపటికి యంత్రం వచ్చి ఉన్నవన్నీ ఎత్తుకుపోయేది.

ఉపాయం దొరికింది స్పందనక్క వల్ల. ఆమె మా వెనక పోర్షన్‌లో అద్దెకుంటుంది. మా పెళ్లి కాకముందు నుంచీ ఉంది. పెట్రోలు బంకులు ఉన్న రోజుల్లో బంకులో పనిచేసింది. అవి మూతపడ్డాయి, భర్త పోయాడు, పిల్లలు లేరు. మా వంటలకు ఉల్లి, వెల్లుల్లి ఒలిచేది ఆమే. ఆమె చేతిలో వెల్లుల్లి పాయ చొక్కా విప్పినట్టు విడిపోతుంది. నిన్న లోపల ఉక్కగా ఉందని స్టూలు తెచ్చుకుని, వ్యాన్ లేని జాగాలో చెట్టు నీడన కూర్చుని ఒలుస్తోంది. నేను వచ్చేసరికి జాగా అలాగే ఉంది.

"ఒక కారొచ్చి నా ముంగట ఆగింది జాహ్నవీ. లైట్లు రెండుసార్లు కొట్టింది. నేను లేవలే. ఇగ అదే పోయింది" అంది.

మనిషిని తాకకూడదని కార్లకు గట్టిగా నేర్పారు. రాయి వస్తువు, బకెట్ వస్తువు. స్టూలు మీద కూర్చున్న స్పందనక్క మాత్రం మనిషి. ఇంత చిన్న విషయం ఇన్నాళ్లు మాకెవరికీ తట్టలేదు.

"నువ్వు పనికి పోయి రాపో. ఒలిచేదేదో గీడనే కూసోని ఒలుస్త" అంది అక్క.

3. ఆశ్వయుజం

ఇప్పుడు వీధంతా కుర్చీలే. మమ్మల్ని చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి ఎదురింటివాళ్లు మొదలుపెట్టారు. ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషికి విలువ వచ్చింది. ఎవరి అత్తగారు బయట ఎంతసేపు కూర్చోగలదన్నది మాటల్లో పడింది. కౌశిక్ సార్ తన మూడు పోర్షన్ల కిరాయిదారులకు వంతులు వేశాడు.

కష్టమే అయినా, ఈ నెల వీధి బాగుందని రాయకపోతే అబద్ధమవుతుంది. ఏళ్ల తరబడి గేట్లు మూసుకుని బతికినవాళ్లు ఒకరి పక్కన ఒకరు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఈ అంచు నుంచి ఆ అంచుకు బతుకమ్మ పాటలు అందుకున్నారు. మధ్యలో ఖాళీ కార్లు తలవంచుకుని తిరుగుతూనే ఉన్నాయి. స్పందనక్క గొడుగు కింద రాణిలా కూర్చుంటోంది. ఈ గల్లీలో తనకింతమంది దోస్తులున్నారని తెలియనే తెలియదట. ఎవరి కోడలు ఏమందో ఇప్పుడు నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

మేము ఒక్క వంటకూ ఆలస్యంగా వెళ్లలేదు.

4. కార్తీకం

టవర్ల వాళ్లు ఫిర్యాదు చేశారు. రోడ్డు అందరిదీ, కుర్చీలు వేసుకుని ఆక్రమిస్తున్నారని. కార్ల బుర్రలు చూసుకునే కంపెనీ నియమం మార్చింది. ఒకేచోట చాలాసేపు కదలకుండా ఉన్న మనిషిని అడ్డంకిగా లెక్కవేస్తారట. కారు ముందు లైట్లతో అడుగుతుంది, తర్వాత మాటతో అడుగుతుంది, ఆ తర్వాత "మృదువుగా సూచిస్తుంది" అని నోటీసులో రాశారు. మృదువుగా సూచించడమంటే ఏమిటో మాకెవరికీ అర్థం కాలేదు. బెదిరింపులే అన్నాడు కౌశిక్ సార్. లేవొద్దని అందరికీ చెప్పాడు.

ఈ రోజు మధ్యాహ్నం వనభోజనాల వంట ముగించుకుని వస్తున్నాం. వీధి మలుపు తిరిగేసరికి మా గేటు దగ్గర జనం. నేనే తోలుతున్నాను. వ్యాన్‌ను రోడ్డు మధ్యలో వదిలేసి పరుగెత్తాను.

స్పందనక్క గొడుగు కింద కునుకు తీస్తోందట. కారు లైట్లు కొట్టిందట, మాట్లాడిందట. ఆమె లేవలేదు. అప్పుడది తలుపు తోసినట్టుగా, నెమ్మదిగా, స్టూలును తోసింది. ఎదురింటివాళ్లు అరుస్తూ వచ్చేలోపే ఆమె వెనక్కి పడింది. కుడిచెయ్యి కాలువ గట్టు మీద పడి మణికట్టు విరిగింది. ఆమెను పక్కకు లాగగానే కారు వచ్చి ఆ జాగాలో చక్కగా సర్దుకుని లైట్లు ఆర్పేసుకుంది.

నేను వెళ్లేసరికి అక్క గేటుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. కారు చక్రాల కింద ఒలిచిన వెల్లుల్లి నలిగి వీధంతా వాసన.

"జాగా వోయింది" అంది నన్ను చూసి.

5. కార్తీకం, ఆసుపత్రి నుంచి వచ్చాక

లోపల ప్లేటు వేశారు. నొప్పి తగ్గుతుంది కానీ పిడికిలి పూర్తిగా ముడుచుకోదని డాక్టరమ్మ చెప్పింది. స్పందనక్క ఆ మాట విని, వెల్లుల్లి సంగతేంటని అడిగింది. డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకర్థమై కిటికీ వైపు తిరిగాను.

ఆ కారు సొంతదారు ఇంటికి వచ్చింది. పేరు ఐరా. రెండో టవర్లో ఉంటుందట. పొగరుగా ఉంటుందనుకుని మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేను ఆఫీసుల ఉన్న ఆంటీ. 'పార్కింగ్ అయిపోయింది' అని ఫోన్‌కు మెసేజొచ్చింది, గంతే. సాయంత్రం కారెక్కి ఇంటికి కూడ పోయిన. నాకేం తెల్వదు" అంది.

ఫ్లాటు అమ్మేటప్పుడు వీధుల్లో కావలసినంత ఖాళీ ఉందని చూపించారట. ఆ ఖాళీ మా వీధి. స్పందనక్క ఆమెను కూర్చోమంది. ఎడమ చేత్తో నీళ్లందించింది. ఆమె వెళ్లిపోయాక నాకు కోపం వచ్చింది. తిట్టడానికి ఎవరూ దొరకనందుకు వచ్చిన కోపమది.

మర్నాడు కౌశిక్ సార్ వచ్చాడు. పండ్లు తెచ్చాడు, క్షేమం అడిగాడు. తర్వాత కట్టు కట్టిన చెయ్యిని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. వెళ్తూ వెళ్తూ నన్ను గేటు దగ్గరికి పిలిచి, "గీ చెయ్యే మన కేసమ్మా. మున్సిపాలిటీ విచారణకు అక్కను నువ్వే తోల్కరావాలె" అన్నాడు.

అప్పుడు నాకది తప్పుగా అనిపించలేదు. ఇంత జరిగాకైనా వీధి మాకు దక్కాలనే అనుకున్నాను.

6. పుష్యం

విచారణ ఈ రోజు. నేను రాసినవన్నీ చదివారు. టవర్ల తరఫున వచ్చిన వకీలు పోయి పోయి స్పందనక్కనే నిలదీశాడు. వ్యాన్ ఆమెది కాదు, ఇల్లు ఆమెది కాదు, కూర్చున్నందుకు జీతం తీసుకోలేదంటోంది. మరి వేరేవాళ్ల బండి కోసం ఎండలో ఎందుకు కూర్చున్నట్టని అడిగాడు.

స్పందనక్క వకీలు వైపు తిరిగింది. "వేరేటోళ్ల బండి అనుకోలే సార్. మా ఇంటి బండే అనుకున్న" అంది.

అధికారులు తమలో తాము మాట్లాడుకున్నారు. సాయంత్రానికల్లా తీర్పు వచ్చేసింది. ఆరో వీధి నివాసుల వీధి. పర్మిట్ లేని బండి ఇక ఇక్కడ ఆగడానికి వీల్లేదు.

వీధిలోనే బల్లలు వేసి భోజనాలు పెట్టాం. వంట మాదే. డబుల్ కా మీఠా కలుపుతుంటే లిఖిత్ పాట అందుకున్నాడు. అతని పాట విని చాలా కాలమైంది. కౌశిక్ సార్ స్పందనక్కను ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పాడు. ఆమె దాన్ని ఒంటి చేత్తో సర్దుకోలేక నా వైపు చూసింది.

7. మాఘం

రికార్డు ఇచ్చేశాం కాబట్టి రాయాల్సిన పని లేదు. రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

పర్మిట్ నిబంధనలు చేతికొచ్చాయి. ఇంటి నంబరుకొక జాగా. వెనక పోర్షన్లకు నంబర్లు లేవు కాబట్టి కిరాయిదారులకు జాగా లేదు. ఆ జాగాలో డ్రైవర్ లేని కారే ఆగాలి. స్టీరింగ్ బండ్లు ఎప్పుడెక్కడ ఆగుతాయో లెక్కకు దొరకవట. మా వ్యాన్ మా గేటు ముందు ఒక్క నిమిషం ఆగినా యంత్రం వచ్చేస్తుంది.

కౌశిక్ సార్‌ను వెళ్లి అడిగాను. నిబంధనలు ముందే చదివాడట. "అందరికీ అన్నీ రావు గదమ్మా" అన్నాడు. ఆయన పర్మిట్ అప్పటికే టవర్ల వాళ్లకు కిరాయికి ఇచ్చేశాడు. అంతటితో ఆగలేదు. తన మూడు పోర్షన్లూ ఖాళీ చేయించి పడగొట్టి, కార్లను ఒకదాని మీద ఒకటి పేర్చే ఇనుప అరలు పెట్టిస్తున్నాడు. మనుషులకంటే కార్లే మంచి కిరాయిదారులట. నీళ్లడగవు, గోడలకు మేకులు కొట్టవు.

పక్క వీధులన్నీ కార్లతో నిండిపోయి, మా వ్యాన్ ఊరవతల మైదానంలో ఉంటోంది. తెల్లవారకముందే లిఖిత్ నడిచి వెళ్లి తెస్తాడు. దాన్ని వీధి మొదట్లో నడిపిస్తూనే ఉంటే, నేను గుండిగలను ఒక్కొక్కటిగా ఎక్కించాలి. మొన్న కదులుతున్న బండిలోకి పప్పు గుండిగ ఎత్తబోయి వదిలేశాను. రోడ్డంతా పప్పు. లిఖిత్ కాలు కాలింది. మాఘంలో మంచి ముహూర్తాలన్నీ ఉన్నాయి. వాటిలో సగం వంటలు వేరేవాళ్లకు పోయాయి.

ఐరా వచ్చి వెళ్లింది. ఎలాగూ వాడుకోవడం లేదు కదా, మా పర్మిట్ జాగాను తన కారుకు ఇవ్వమని బతిమాలింది. లిఖిత్ సరేనన్నాడు. నేను కాదనలేదు.

ఇప్పుడు ఆ కారు రోజూ అదే చెట్టు కింద ఆగుతుంది. స్పందనక్క నీళ్లకు వెళ్తూ దాన్ని దాటుకుని పోతుంది.

8. ఫాల్గుణం

లిఖిత్ ఆ మాట అంటాడని నాకు తెలుసు. అనడానికి అతనికి వారం పట్టింది. వెనక పోర్షన్ తీసేస్తే వ్యాన్ ఇంటి పక్క దారిన నేరుగా లోపలికి వచ్చి మన స్థలంలోనే ఆగుతుంది. వేరే దారి లేదు.

పోట్లాడాను. నీకు సిగ్గుందా అన్నాను. అతను తిరిగి అరవలేదు. వ్యాన్ అమ్మేద్దామా చెప్పు, అమ్మితే ఏం చేసి బతుకుదామో అదీ చెప్పు అన్నాడు. కాలిన కాలు బల్ల మీద చాపుకుని ఉన్నాడు. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు నేనే టీ గ్లాసు పట్టుకుని స్పందనక్క గుమ్మంలోకి వెళ్లాను.

ఎండ గురించి మాట్లాడాను. చేతి నొప్పి గురించి అడిగాను. ఆమె టీ మొత్తం తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఎప్పటికల్ల ఖాళీ చెయ్యాలె?" అంది.

"నీకెవరు చెప్పిన్రక్కా?"

"లిఖిత్ టేపు వట్టుకొని నా గుమ్మం కొలిచిండు. నేను లోపల్నే ఉన్న. నన్ను జూసి అటు తిరిగి పోయిండు."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. అందుకు నాకు బాధ కలిగింది. ఆ బాధ పడే హక్కు నాకు లేదని కూడా అప్పుడే తెలిసింది. మా ఇంట్లో గిన్నెలు పెట్టుకునే గది సర్దుతాను, అందులో ఉండమన్నాను.

"ఇన్నేండ్లు కిరాయి గట్టి ఉన్న. ఇప్పుడు గుండిగల నడుమ నన్ను గూడ ఒక గుండిగ లెక్క పెట్టుకుంటవా" అంది. కోపంగా అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పినట్టే అంది.

పోర్షన్లు ఇంకా దొరికే చోటు ఆమె అప్పటికే కనుక్కుంది. గొట్టం ఆగని ఊరు. పాత బస్సులో సగం పూట ప్రయాణం. గొట్టం ఆగే చోటల్లా గదులు కార్లకు పోయాయట.

9. ఫాల్గుణం, చివరి ముహూర్తం అయ్యాక

స్పందనక్క ఈ రోజు వెళ్లిపోయింది.

డ్రైవర్ లేని సామాన్ల బండి పొద్దున్నే వచ్చింది. మా వీధి మలుపు దగ్గరే ఆగిపోయింది. పర్మిట్ లేదు కాబట్టి లోపల ఆగలేనని చెప్పింది. ఆ సమయంలో వీధి రెండు వైపులా ఖాళీగా ఉంది. ఇప్పుడు వీధి పర్మిట్లన్నీ కిరాయికి తీసుకున్న టవర్ల వాళ్లు సెలవులకు ఎక్కడికో వెళ్లారు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క బండి లేదు. తిరిగే కార్లూ లేవు. స్టేషన్ తెరిచాక మా వీధి ఇంత విశాలంగా కనిపించడం ఇదే మొదటిసారి. గేటు ముందు అంత జాగా ఉండి, ఒక మంచం ఎక్కించుకునేంతసేపు బండి ఆపుకునే వీల్లేదు.

మలుపు దాకా మోశాం. మంచం నేనూ లిఖిత్. బీరువా దింపుతుంటే ఎదురింటాయన వచ్చి ఓ చెయ్యి వేశాడు. మిగిలినవాళ్లు గేట్ల దగ్గర నిలబడ్డారు. ఆశ్వయుజంలో ఆమె పక్కన కుర్చీ వేసుకున్నవాళ్లే. ఒకావిడ లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది కానీ, ఎదురొచ్చి ఇవ్వాలో వద్దో తేల్చుకోలేక అలాగే పట్టుకుని నిలబడింది. కౌశిక్ సార్ గేటు వేసి ఉంది. లోపల ఇనుప అరలు బిగిస్తున్న చప్పుడు.

స్పందనక్క ఎడమ చేత్తో మోయగలిగినవన్నీ తానే మోసింది. బియ్యం సంచి నేనందుకోబోతే ఇవ్వలేదు. మధ్యలో ఆగి దాన్ని కింద పెట్టి, చెయ్యి దులుపుకుని, మళ్లీ ఎత్తుకుంది. నేను పక్కనే నడిచాను.

మలుపు దగ్గర సామాను సర్దాక చూస్తే బండిలో మనిషి కూర్చునే చోటు మిగల్లేదు. బస్సులో పోతానంది. మైదానం నుంచి వ్యాన్ తెస్తాను, ఆ ఊరిదాకా దించి వస్తానన్నాను.

"వద్దు జాహ్నవీ."

"ఎండల అంత దూరం బస్సుల ఎట్ల పోతవక్కా?"

"పోత. గా వ్యాన్ల మాత్రం ఎక్కను. దాని కోసమే గద పోతున్న."

ఆ మాట అని, నా మొహం చూసి, భుజం మీద చెయ్యి వేసింది. ముడుచుకోని చెయ్యి. దాని బరువు తెలిసింది కానీ పట్టు తెలియలేదు. తర్వాత బస్టాపు వైపు నడిచింది. బండి సామానుతో మరో దారిన వెళ్లింది. ఆమె వెనక్కి తిరుగుతుందేమోనని అక్కడే నిలబడ్డాను. తిరగలేదు.

వీధి మధ్యలో నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. పక్కకు తప్పుకోవాల్సిన బండి ఒక్కటీ ఎదురు రాలేదు. గేట్లు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

ఇంటి వెనక దుమ్ము లేస్తోంది. కూలివాళ్లు పైకప్పు దించి, ముందు గోడ సగం పడగొట్టారు. మా ఇంటిని ఆనుకున్న లోపలి గోడ మీద అక్క వంట పొగ మరక, గూటిలో అంటించిన అద్దం ముక్క కనిపిస్తున్నాయి. లిఖిత్ టేపు పట్టుకుని నా కోసమే చూస్తున్నాడు. గుండిగలు దించేటప్పుడు వ్యాన్ తలుపులు పూర్తిగా తెరుచుకోవాలంటే ఆ గోడ కూడా ఒక అడుగు కొట్టాలన్నాడు.

సరే అన్నాను.